లేమి చెప్పిన నెత్తుటి చరిత్ర

నారాయణగూడ చౌరస్తాకు చేరువలో ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ కలదు. నగరవాసులు దానిని ఐ.పి.ఎం. అనియే యెరుగుదురు. ఆ పేరు చెవిని బడగానే వృద్ధులకు బొడ్డుచుట్టు పొడిపించుకొన్న పదునాలుగు సూదులు స్మరణకు వచ్చును. ఏలయన ఒకప్పుడు కుక్కకాటునకు గురియైనవారు, ధనికులనక దరిద్రులనక, ఆ వాకిట బారులు దీరి, గొఱ్ఱెమెదడునుండి తయారైన టీకామందును పొట్టపై వేయించుకొనవలసి యుండెను. ఆ బాధాకరమైన టీకాను మన దేశము ఈ శతాబ్ది తొలి దశకమున విడిచిపెట్టినది గాని, ఆ సంస్థయందలి రక్తనిధికి మాత్రము జనులు నేటికిని వచ్చుచునే యున్నారు. చేత గ్రూపు వ్రాసిన చీటీతో, ముఖమున ఆదుర్దాతో వచ్చు ఆ బంధువులకు కావలసినది ఒక సీసా నెత్తురు; ఆ నెత్తురు మనుష్యదేహమున ఎట్లు పుట్టుచున్నదను ప్రశ్న ఆ క్షణమున వారికి తోచదు, తోచవలసిన పనియు లేదు.

అచ్చటికి దూరము కాని చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయ మున్నది. జిల్లాలనుండి వచ్చి అశోక్‌నగరు సందులలోని ఇరుకు గదులను అద్దెకు తీసికొని, ఉదయమునుండి రాత్రివరకు ఆ గ్రంథాలయపు బల్లలకు అంటుకొనిపోయి, గ్రూప్స్ పరీక్షలకు చదువు యువతీయువకులను చూచినపుడెల్ల నాకు ప్రేమయు గౌరవమును కలుగును. వారు కంఠస్థము చేయు వేలకొలది ఏకవాక్య సమాధానములలో రెండింటిని గూర్చి ఇచ్చట చెప్పదలచితిని. ఫోలిక్ ఆమ్లమనగా ఎల్లాప్రగడ సుబ్బారావు; జన్యువును తొలగించిన చిట్టెలుకలనగా 2007వ సంవత్సరపు వైద్య నోబెల్ బహుమానము, కాపెక్కి, ఎవాన్స్, స్మిథీస్. ఈ రెండు సమాధానములును రెండు వేరు పుటలలో, ఒకదాని మొగ మొకటి యెరుగక పడియుండును. అవి ఒకే చరిత్రలోని రెండు ప్రకరణములనియు, ఆ చరిత్ర రక్తోత్పత్తిని గూర్చినదనియు, అందు తెలుగువారి హస్తము ఒక్కచోటనే గాక పలుచోట్ల కలదనియు నిరూపించుట నా యుద్దేశము.

మనుష్యుని ఎముకలలోని మూలుగ సెకనునకు సుమారు ఇరువది లక్షల ఎఱ్ఱ రక్తకణములను పుట్టించుచున్నది. ఒక్కొక్క కణము నూటయిరువది దినములు జీవించి రాలిపోవును. ఆ స్థానమున క్రొత్తది వచ్చి నిలువవలెను. ప్రాణవాయువును మోయు ఎఱ్ఱకణములు, రోగముతో పోరు తెల్లకణములు, గాయమును మూయు సూక్ష్మఫలకములు, ఇవన్నియు మూలకణమను ఒకే జాతి తల్లికణమునుండి శాఖోపశాఖలుగా విడివడి వచ్చుచున్నవి. మూలుగను సూక్ష్మదర్శినిక్రింద పరచి చూచినచో వివిధదశలయందలి కణము లొకదాని ప్రక్క నొకటి కనబడును గాని, దేని ప్రేరణచే ఏది ఏదిగా మారినదో కంటికి తెలియదు. ఇట్టి సందర్భమున కారణమును నిర్ణయించుటకు మన తార్కికులు ఏనాడో ఒక మార్గము చెప్పియుండిరి. ఒకటి యున్నచో రెండవది యుండుట అన్వయము; అది లేనిచో ఇది లేకపోవుట వ్యతిరేకము. రక్తోత్పత్తి శాస్త్రము ఒక శతాబ్దినుండి నడచుచున్న బాట ఈ వ్యతిరేకముయొక్క బాటయే: ఒక్క వస్తువును తొలగించుట, తక్కిన సమస్తమును యథాతథముగ నుంచుట, పిదప నెత్తుటి యందేమి కొఱవడినదో చూచుట.

ఆ తొలగింపు మొదట భోజనపు పళ్ళెమునుండి జరిగినది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్లవనిత, వైద్యురాలు, బొంబాయికి వచ్చెను. అచ్చటి బట్టలమిల్లులలో పనిచేయు పేదస్త్రీలు గర్భిణులై యుండగా తీవ్రమైన రక్తహీనతచే మరణించుచుండిరి. వారి ఎఱ్ఱకణములు సంఖ్యలో తక్కువగను, పరిమాణమున మాత్రము అసహజముగ పెద్దవిగను ఉండెను. వారు తిను తిండియెట్టిదో విచారించి, అదే తిండిని ఆమె తెల్ల ఎలుకలకు పెట్టి చూచెను. గర్భముతోనున్న ఎలుకలు పాలిపోయి చచ్చిపోయెను. కారణము దొరికినట్లే తోచెను. కాని ఆ ఎలుకల మేనిపై పేలు ఉండుటయు, ఆ పేలు బార్టొనెల్లా అను సూక్ష్మజీవిని మోసికొనివచ్చుటయు, ఆ సూక్ష్మజీవి తనంతట తానే రక్తమును హరించుటయు తరువాత బయటపడినది. ఆహారమందలి ఒక్క పదార్థమునే తొలగించితిమని తలచినచోట, కనబడని మరియొకటి వచ్చి చేరియుండెను. వ్యతిరేకమార్గమున పొంచియుండు ప్రమాద మిదియే. విల్స్ దీనిచే నిరుత్సాహపడక కోతులతో పరీక్షలు సాగించి, ఈస్టునుండి తీసిన సారము, ఇంగ్లండున చౌకగా రొట్టెకు పూసికొని తిను మార్మైటు, ఆ రక్తహీనతను మాన్పుచున్నదని కనుగొని 1931లో ప్రకటించెను. ఆ సారములోని అజ్ఞాతవస్తువును చిరకాలము విల్స్ ద్రవ్యమనియే లోకము వ్యవహరించినది.

ఇచ్చట హైదరాబాదు పాఠకులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. 1929లో విల్స్ తన పరిశోధనలను కొన్ని నెలలు నీలగిరులలోని కూనూరునకు తరలించెను. అచ్చటి పాస్ట్యూరు సంస్థలోనే రాబర్టు మెక్‌కారిసన్ 1918లో ఒక్క గదిలో బెరిబెరి వ్యాధి విచారణను ప్రారంభించి, దానిని క్రమముగ పోషకాహార పరిశోధనాలయముగ పెంచుచుండెను. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు అంటియున్న తార్నాక ప్రాంతమున స్థిరపడి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయను పేరు దాల్చినది. నారాయణగూడనుండి నల్లకుంట, విద్యానగరముల మీదుగా పోవు బస్సెక్కినవారు అరగంటలో చేరగల ఆ ఆవరణ, వంశక్రమమున చూచినచో, విల్స్ ఎలుకలను మేపిన ఆ కొండమీది ఇంటికి వారసురాలు.

ఇక రెండవ ప్రకరణము మన ఎల్లాప్రగడ సుబ్బారావుది. 1895లో భీమవరమున జన్మించిన ఈ మహనీయుని జీవితమున స్ప్రూ అను గ్రహణీరోగము మొదటినుండియు శత్రువై వెంటాడెను. ఆ వ్యాధియందు పేగు ఆహారసారమును గ్రహింపజాలదు. రోగి విరేచనములతో చిక్కి, నెత్తురు పలచబడి, విల్స్ చూచిన స్త్రీలవలెనే పెద్దవియు పనికిమాలినవియు నైన ఎఱ్ఱకణములతో క్షీణించును. సుబ్బారావు సోదరు లిద్దరు ఆ రోగమునకు బలియైరి. ఆయనను గూడ అదే వ్యాధి మంచమున పడవేయగా, మదరాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేదచికిత్స చేసి బ్రతికించెను. ఈ లక్ష్మీపతి పాశ్చాత్యవైద్యమును చదివియు ఆయుర్వేదమును వరించినవాడు. విజ్ఞానచంద్రికా మండలికి జీవశాస్త్రాది గ్రంథములను తెనుగున వ్రాసి యిచ్చినవాడు. ఆ మండలి 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతుల పూనికతో పుట్టినది ఈ హైదరాబాదుననే. తెనుగు పాఠకునకు జీవకణమును పరిచయము చేసిన చేతులే, రక్తకణమునకు మందు కనుగొనబోవు యువకుని నాడిని పట్టి చూచినవి. ఈ సంబంధమును తలచుకొన్నపుడు నాకు కలుగు ఆనందమును నేను దాచుకొనజాలను.

1923లో అమెరికా చేరి, హార్వర్డున ఫిస్కేతో గూడి దేహమందలి భాస్వరమును కొలుచు విధానమును, ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని వెలువరించిన సుబ్బారావు చరిత్ర పెక్కురు వ్రాసియే యున్నారు. దానిని తిరిగి చెప్పను. 1940లో ఆయన లెడర్లే ప్రయోగశాలలకు వచ్చిన పిదప, ఆయన మార్గదర్శకత్వమున ఒక పెద్ద రసాయనజ్ఞుల బృందము కాలేయమునుండి ఆ అజ్ఞాతద్రవ్యమును శుద్ధిచేసి, దాని నిర్మాణమును నిర్ణయించి, 1945లో కృత్రిమముగ తయారుచేసినది. అదియే ఫోలిక్ ఆమ్లము. ఆ సంవత్సరముననే టామ్ స్పైస్ దానిని రోగులకిచ్చి, స్ప్రూవలనను గర్భమువలనను కలుగు పెద్దకణముల రక్తహీనత మానుటను చూచెను. తన సోదరులను మింగిన వ్యాధికి ఔషధము సుబ్బారావు చేతిమీదుగా వచ్చినది, కాని వారికొరకు పాతికేండ్లు ఆలస్యముగ వచ్చినది.

ఆ పిమ్మట జరిగినది మరింత విశేషమైనది. బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లసంబంధమైన పదార్థముల నిచ్చి చూడగా వ్యాధి తగ్గకపోగా వేగము పుంజుకొన్నట్లు కనబడెను. పెట్టినచో పెరుగునది తొలగించినచో తగ్గవలదా యని ఆయన తర్కించెను. దేహమందలి ఫోలిక్ ఆమ్లమును ఎవరు తీసివేయగలరు? లెడర్లే వారు దానికి మారువేషము వంటి అమినోప్టెరిన్‌ను తయారుచేసి యిచ్చిరి. కణము దానిని నిజమైన ఫోలిక్ ఆమ్లమని భ్రమించి స్వీకరించి, పిదప విభజన చెందజాలక నిలిచిపోవును. 1948 జూనులో ఫార్బరు పదునారుగురు బిడ్డలలో పదిమందికి తాత్కాలికముగ నైనను వ్యాధి వెనుకకు తగ్గినదని ప్రకటించెను. ఆ ఏడు ఆగస్టులో సుబ్బారావు ఏబదిమూడవ యేట నిద్రలో మరణించెను. అమినోప్టెరిన్‌కు తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని మన క్యాన్సరు ఆసుపత్రులలో పిల్లలకు వాడబడుచున్నది. తిండినుండి తొలగించుట విల్స్ పద్ధతి కాగా, రసాయనముచే కణములోపలనే తొలగించుట ఈ రెండవ తరముయొక్క పద్ధతి.

తరువాతి అడుగు జన్యువునే తొలగించుట. దీనికి మూలము రక్తముననే యున్నదని చాలమంది యెరుగరు. ఎఱ్ఱకణమందలి హీమోగ్లోబిన్‌ను నిర్మించు బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరము మారినచో, కణము కొడవలివలె వంగి, సన్నని నాళముల నడ్డగించి, భరింపరాని నొప్పులను, అకాలమరణమును తెచ్చును. ఈ కొడవలికణ లక్షణమును మన దేశమున 1952లో లేమన్, కట్‌బుష్ అను శాస్త్రజ్ఞులు నీలగిరుల ఆదివాసులలో కనుగొనిరి. ఆదిలాబాదు గోండులలోను, గోదావరీతీరపు కోయలలోను అది కలదని పిమ్మట తేలినది. ఆ ఒక్క అక్షరమును దిద్దుట సాధ్యమా యను ఆశతో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆలివర్ స్మిథీస్ పనికి పూనుకొనెను. కణములోనికి చొప్పించిన డి.ఎన్.ఏ. తునుక తన పోలికగల చోటును తానే వెదకికొని, అచ్చటి పాతతునుకతో స్థానము మార్చుకొనునా యనునది ప్రశ్న. 1985లో స్మిథీస్ బృందము మానవకణములలో సరిగా బీటా గ్లోబిన్ చోటనే క్రొత్త తునుకను నిలుపగలిగితిమని ప్రకటించినది. డి.ఎన్.ఏ.ను స్వీకరించిన కణములు వేయింటిలో ఒక్కదానియందు మాత్రమే ఆ కార్యము సిద్ధించెను. ఆ వ్యాసమునకు కర్తలు అయిదుగురు. వారిలో చివరి పేరు రాజు కుచెర్లపాటి.

కాకినాడలో జన్మించి, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున 1972లో డాక్టరేటు పొంది, నాడు షికాగోలో ఆచార్యుడుగ నుండిన ఈ తెలుగువాడు, క్షీరదకణములలో సజాతీయ డి.ఎన్.ఏ. తునుకల సంయోగమును గూర్చి స్మిథీస్‌తో కలిసి అంతకుముందునుండియే పనిచేయుచుండెను. పిదప న్యూయార్కులోని ఆల్బర్టు ఐన్‌స్టయిన్ వైద్యకళాశాలయందును, 2001నుండి హార్వర్డునందును ఆయన ఆచార్యపదవుల నలంకరించెను. నోబెల్ బహుమానమును ముగ్గురికి మించి పంచరాదను నియమ మున్నది; 2007లో ఆ ముగ్గురెవ్వరో మన అశోక్‌నగరు విద్యార్థులెల్లరకు తెలియును. ఆ సౌధమునకు పునాదిరాళ్ళలో ఒకటియైన 1985వ సంవత్సరపు వ్యాసముపై కాకినాడ బిడ్డ పేరున్నదని మాత్రము ఏ ప్రశ్నసంపుటియు చెప్పదు. చెప్పవలెనని నేను మనసార కోరుచున్నాను.

జన్యువును కణములో మార్చుట ఒక యెత్తు, ప్రాణిలో మార్చుట మరియొక యెత్తు. దానికి మార్గమును చూపినది 1981లో ఎవాన్స్, కాఫ్‌మన్‌లు, వేరుగా గెయిల్ మార్టిన్, చిట్టెలుక పిండమునుండి వేరుచేసి పెంచిన పిండ మూలకణములు. ఆ కణములలో ఒక జన్యువును చెరపి, చెరపబడినవానిని ఏరి, వేరొక చిట్టెలుకయొక్క లేతపిండములో కలిపి, తల్లి గర్భమున నుంచినచో, పుట్టు పిల్ల రెండు వంశముల కణముల మిశ్రమమై యుండును. ఆ మిశ్రమజీవియొక్క బీజకణములలోనికి చెరపిన జన్యువు చేరినచో, తరువాతి తరములలో ఆ జన్యువు బొత్తుగా లేని చిట్టెలుక లభించును. మారియో కాపెక్కి 1987లో పిండ మూలకణములలో ఒక జన్యువును నిరర్థకము చేసి చూపెను. మరి రెండేండ్లలో అట్టి మార్పును తరతరములకు మోయు చిట్టెలుకలు వెలువడినవి. దీనినే లోకము నాకౌట్ అనుచున్నది.

ఈ విద్య చేజిక్కగానే రక్తశాస్త్రజ్ఞులు దానిని ఆతురతతో అందుకొనిరి. అందుకు హేతువు కలదు. చిట్టెలుక గర్భకాలము సుమారు ఇరువది దినములు మాత్రమే. ఆ స్వల్పవ్యవధిలో నెత్తురు మొదట ఏడెనిమిది దినములకు సొనసంచిలో పొడసూపును. పిదప పండ్రెండవ దినము ప్రాంతమున కాలేయము ఆ భారమును వహించును. జననసమయమునకు అది మూలుగలోనికి కాపురము మార్చును. కావున ఏ జన్యువు లేనిచో పిండము ఏ దినమున పాలిపోయి మరణించునో చూచినచో, ఆ జన్యువు ఏ మజిలీలో అవసరమో దానంతట అదియే వెల్లడియగును. 1991లో ఇట్టి రెండు నిదర్శనములు వచ్చినవి. గాటా-1 అను జన్యువును చెరపిన మూలకణములు మిశ్రమజీవిలో తక్కిన ధాతువులన్నింటిలోను, తెల్లకణములలోను పాల్గొన్నవి గాని, పక్వమైన ఎఱ్ఱకణములను మాత్రము పుట్టింపలేకపోయినవి. మిబ్ అను జన్యువు లేని పిండములు పదుమూడవ దినమువరకు ఆరోగ్యముగ పెరిగి, పదునైదవ దినమునకు తెల్లగ పాలిపోయి మరణించినవి. అనగా సొనసంచి రక్తమునకు ఆ జన్యువుతో పనిలేదు, కాలేయరక్తమునకు అది లేక గడవదు. ఒకే నెత్తురని మనము తలచునది రెండు వేరు ప్రభువుల యాజ్ఞలో రెండుసార్లు పుట్టుచున్నదని ఇంత స్పష్టముగ అంతకుముందు ఎవరును చూపియుండలేదు.

వీనికన్నను నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఎస్.సి.ఎల్. అను జన్యువుయొక్క కథ. ఇది మొదట పిల్లల రక్తక్యాన్సరులో చెదరిన జన్యువుగా పరిచితమైనది. 1995లో దీనిని తొలగించి చూడగా ఆ పిండములలో ఎఱ్ఱనిదిగాని తెల్లనిదిగాని ఒక్క రక్తకణమును పుట్టలేదు. రక్తవంశమంతకు ఆదిపురుషుడు దొరికెనని అందరును సంతసించిరి. కాని పుట్టుకముందే చంపు లోపము, పుట్టిన తరువాతి సంగతి చెప్పజాలదు గదా! అందుచే శాస్త్రజ్ఞులు, జన్యువును మొదట భద్రముగ నుంచి, జంతువు పెరిగి పెద్దదైన పిమ్మట, కోరిన వేళకు, కోరిన ధాతువులో మాత్రము కత్తిరించు ఉపాయమును కనిపెట్టిరి. ఆ ఉపాయముతో 2003లో ఎదిగిన చిట్టెలుకల మూలుగనుండి ఎస్.సి.ఎల్.ను తీసివేయగా, ఆశ్చర్యము, మూలకణములు చెక్కుచెదరక తమ పని తాము చేసికొనుచుండెను. ఎఱ్ఱకణముల, సూక్ష్మఫలకముల శాఖలు మాత్రము కుంటుపడెను. మూలకణమును సృజించుటకు కావలసిన జన్యువు దానిని నిలుపుటకు అక్కరలేదు. ఏమి తొలగించితిమన్నది ఎంత ముఖ్యమో ఎప్పుడు తొలగించితిమన్నది అంత ముఖ్యమని దీనివలన తేలినది. లూసీ విల్స్‌నకు పేలు నేర్పిన జాగ్రత్తకు ఇది సరితూగు రెండవ జాగ్రత్త.

రక్తనిధి చీటీలపై వ్రాయు ఆర్.హెచ్. అను రెండక్షరములకును ఈ చరిత్రలో స్థానమున్నది. 1940లో లాండ్‌స్టీనరు, వీనరు అను శాస్త్రజ్ఞులు రీసస్ కోతి నెత్తుటిని కుందేళ్ళకు, గినీపందులకు ఎక్కించి, వానిలో పుట్టిన ప్రతిరక్షకము మనుష్యులలో నూటికి ఎనుబదియైదుగురి ఎఱ్ఱకణములను గుమిగూర్చుటను చూచి, దానికి ఆ కోతి పేరు పెట్టిరి. వారు కోతి నెత్తుటితో పట్టుకొన్నది నేడు మనము పాజిటివ్, నెగటివ్ అనునట్టిది కాదనియు, దానికి ఇరుగుపొరుగున నుండు వేరొక పదార్థమనియు పిమ్మట తెలిసి, ఆ పదార్థమునకు వారిద్దరి పేర్ల తొలియక్షరములతో ఎల్.డబ్ల్యు. అను నామము వచ్చినది. అది ఎఱ్ఱకణముపై ఏల యున్నదో చిరకాలము ఎవరికిని బోధపడలేదు.

మూలుగలో పెరుగుచున్న ఎఱ్ఱకణ శిశువులు ఒక పెద్ద భక్షకకణము చుట్టును గుమిగూడి, ద్వీపములవలె నుండునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మార్సెల్ బెసీ 1958లో వర్ణించియుండెను. నడుమనున్న ఆ కణము పిల్లలను సాకు దాదివలె వానికి అండయై, అవి పక్వమగునపుడు బయటకు త్రోసివేయు కేంద్రకములను మ్రింగి శుభ్రపరచును. ఆ శిశువులు దాదిని ఏ చేతితో పట్టుకొనియున్నవి? 2006లో వెలువడిన ఒక పరిశోధన, ఎల్.డబ్ల్యు. పదార్థమును నిర్మించు జన్యువును చిట్టెలుకలలో తొలగించి, మూలుగలో ఆ ద్వీపముల సంఖ్య గణనీయముగ పడిపోవుటను చూపినది. రక్తనిధివారికి గ్రూపుగుర్తు మాత్రమైనది, మూలుగలో శిశుకణముయొక్క పట్టుచేయి! ఈ పరిశోధకులలో నార్ల మోహన్‌దాస్ ఒకరు. తెలుగు ఇంటిపేరు గల ఈ శాస్త్రవేత్త కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ప్రయోగశాలయందును, పిదప న్యూయార్కు రక్తకేంద్రమునందును, ఎఱ్ఱకణముయొక్క పొరను, దాని సాగుగుణమును, అది దశలవారీగ ఎదుగు క్రమమును పరిశోధించి ప్రసిద్ధికెక్కెను. ఎఱ్ఱకణపు పొరకు దూలమువంటి 4.1 ఆర్ అను ప్రోటీను లేని చిట్టెలుకలను 1999లో వర్ణించిన బృందములోను ఆయన యున్నాడు. ఆ చిట్టెలుకలు బ్రతికినవి గాని, వాని ఎఱ్ఱకణముల పొర శిథిలమై రక్తహీనత ప్రాప్తించెను.

1997లో బర్క్‌లీ వారు చేసిన పని మన ప్రాంతమునకు మరింత సన్నిహితమైనది. చిట్టెలుక సహజముగ కొడవలికణ వ్యాధిని పొందదు. వారు చిట్టెలుకయొక్క సొంత గ్లోబిన్ జన్యువులను తొలగించి, వానికి మారుగా మానవ గ్లోబిన్ జన్యువులను, అందును కొడవలిమార్పు గలవానిని నిలిపి, మానవుని కొడవలిరక్తమునే మోయు చిట్టెలుకను సృష్టించిరి. మోహన్‌దాస్ పేరు ఆ వ్యాసమునను కలదు. స్మిథీస్, కుచెర్లపాటి ప్రభృతులు 1985లో ఏ జన్యువుతో పని మొదలుపెట్టిరో ఆ బీటా గ్లోబిన్ పండ్రెండేండ్లకు ఈ రూపమున వచ్చి నిలిచినది. గ్లోబిన్‌పై అధికారము చెలాయించు బి.సి.ఎల్.11ఏ అను మరియొక జన్యువును 2011లో ఇట్టి కొడవలి చిట్టెలుకలలోనే తొలగింపగా, శైశవమున అణగిపోయిన హీమోగ్లోబిన్ తిరిగి లేచి, వ్యాధిలక్షణములు తొలగినవి. ఆ సూత్రముపై నిర్మించిన మానవచికిత్సకు 2023 చివర బ్రిటనును అమెరికాయు అనుమతి నిచ్చినవి. దాని మూల్యము అమెరికాలో ఇరువది లక్షల డాలర్లకు పైబడినది. ఉట్నూరు గూడెములలోని బిడ్డకు అది అందుటకు చేయవలసినది కొండంత యున్నది.

హైదరాబాదు ఈ ప్రవాహమునకు ప్రేక్షకురాలు మాత్రమే కాదు. ప్రయోగశాలలకు శుద్ధవంశముల ఎలుకలను, చిట్టెలుకలను సరఫరాచేయుటకును, వాని పోషణలో శిక్షణ నిచ్చుటకును 1957లో బొంబాయిలో పుట్టిన కేంద్రము 1976లో తార్నాకలోని పోషకాహార సంస్థకు తరలివచ్చి, 1998లో జాతీయ ప్రయోగజంతుశాస్త్ర కేంద్రమైనది. 1977లో పుష్పమిత్ర భార్గవ సారథ్యమున వెలసిన కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, సి.సి.ఎం.బి., దానికి పొరుగుననే యున్నది. జంతువునకు శుభ్రమైన పంజరము, తగిన మేత, అనవసరపు బాధలేని చావు కల్పింపవలెనను నియమములు నేడు చట్టబద్ధములు. నేను వానిని కేవలము దయకొరకే గాక సత్యముకొరకును అవసరములని నమ్ముదును. పేలుపట్టిన ఎలుక చెప్పు సాక్ష్యమెట్టిదో విల్స్ కథలోనే చూచితిమి.

ఫోలిక్ ఆమ్లపు కథయు జన్యుకథయు ఒక్కచోట కలిసినది 2001లో, ఆల్బర్టు ఐన్‌స్టయిన్ కళాశాలలో. ఫోలిక్ ఆమ్లము కణములోనికి తనంతట తాను పోజాలదు. కణపు పొరపై దానిని లోనికి తీసికొనిపోవు వాహకప్రోటీను లుండును. వానిలో ప్రధానమైనదానిని, మెథోట్రెక్సేటు గూడ క్యాన్సరు కణములోనికి దూరునట్టి ద్వారమును, నిర్మించు జన్యువును అచ్చటివారు చిట్టెలుకలలో తొలగించిరి. పిండములన్నియు గర్భముననే నశించెను. తల్లికి ప్రతిదినము ఫోలిక్ ఆమ్లమును సూదిద్వారా మిక్కుటముగ నిచ్చినచో, పదింటిలో ఒక్కటి చొప్పున పిల్లలు సజీవముగ జన్మించెను. కాని అవియు రెండు వారములైనను బ్రతుకలేదు. చనిపోయినవానిని పరీక్షింపగా హృదయాది అవయవములు చాలవరకు సరిగానే యున్నవి. మూలుగ, ప్లీహము మాత్రము రక్తకణోత్పత్తి లేక వట్టిపోయి యుండెను. బొంబాయి స్త్రీల పళ్ళెమునుండి తప్పిపోయిన వస్తువు ఇచ్చట తల్లి నెత్తుట సమృద్ధిగ నున్నను, ద్వారము లేకపోవుటచే కణమునకు అందలేదు. ఫలితము మాత్రము మొట్టమొదట ఆ రక్తోత్పత్తిస్థానములనే తాకినది. దేహమంతటిలోను మూలుగయే ఎడతెగక కణములను విభజించు కర్మాగారమగుటచే, డి.ఎన్.ఏ. నిర్మాణమునకు కావలసిన ఫోలేటు కొఱత దానికే ముందుగా సోకును.

ఆ జన్యులోపము మనుష్యులలో నుండునా, ఉన్నచో వారు పుట్టి పెరుగుదురా యను సందేహము దాదాపు రెండు దశాబ్దములు నిలిచియుండెను. 2020లో చెక్ రిపబ్లిక్కునకు చెందిన వైద్యపరిశోధకులు, పెద్దకణముల రక్తహీనత మాటిమాటికి తిరుగబెట్టు ఒక రోగియందు, సరిగా ఆ జన్యువులోనే, తల్లినుండియు తండ్రినుండియు సంక్రమించిన లోపమును కనుగొని ప్రకటించిరి. వారు ఆ రోగికి ఇచ్చిన ఔషధము ఫోలిక్ ఆమ్లమే. దానితో రక్తము కోలుకొన్నది.